ముందు వంతు మాది

“అందరం కలిసి” అని ఎవరైనా నా ఎదుట మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. మాట మంచిదే, కాదనను. కానీ ఆ మాట అన్న మనిషి కాళ్లు తడిగా ఉన్నాయా, పొడిగా ఉన్నాయా అని ముందు చూస్తాను. పొడిగా ఉంటే ఆ తర్వాతి మాటలు నా చెవికెక్కవు. “నీకు అనుమానం జబ్బు” అంటాడు మా ఆయన. జబ్బే. అది నాకు ఎక్కడ అంటుకుందో ఆయనకి తెలీదు. అప్పటికి నాకు పెళ్లి కాలేదు.

మెటియాబ్రుజ్‌లో గంగ ఒడ్డున ఓడల డాక్ గోడకి ఆనుకుని ఉండేది మా వీధి. వీధంతా తెలుగువాళ్లమే. శ్రీకాకుళం సముద్రపొడ్డు ఊళ్ల నుంచి వచ్చి, ఓడల్లో సరుకు ఎత్తీ దించీ బతికినవాళ్లం. ఇంట్లో తెలుగు, గడప దాటితే బెంగాలీ, డాక్‌లో హిందీ. నేను బెంగాలీ బడిలో చదివాను. తెలుగు అక్షరాలు పెళ్లయ్యాకే నేర్చుకున్నాను. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లకి గానీ రాయడం కుదరలేదు.

ఎర్రజెండా పాలన వచ్చాక పుట్టినదాన్ని నేను. ఇది జరిగేనాటికీ అదే పాలన. కాకపోతే ముసలిదైపోయింది. వీధి చివర పార్టీ ఆఫీసులో కుర్చీలూ అవే, వాటిలో మనుషులూ అవే. మా వీధి మునిగిందని వెళ్లి చెబితే టీ ఇచ్చేవాళ్లు, “చూద్దాం” అనేవాళ్లు. టీ మాత్రం బాగుండేది.

మునగడం గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మా పేటలో వాన నీళ్లన్నీ ఒక పెద్ద కాలువలో పడి గంగలోకి పోయేవి. గంగ ఒడ్డున ఆ కాలువకి లాకు ఉండేది. గంగకి పోటు వచ్చినప్పుడు నది నీళ్లు లోపలికి తన్నకుండా లాకు దించేసేవాళ్లు. అదే సమయంలో వాన పడిందా, కాలువ నీళ్లకి బయటికి దారి ఉండదు, వెనక్కి తిరిగి పేట మీద పడతాయి. కాలువ గట్టుకి మూడు తూములు ఉండేవి. ఒకటి మా వీధిది, ఒకటి దర్జీల సందుది, ఒకటి కొత్తగా లేచిన ఫ్లాట్ల మైదానానిది. తూముకో చెక్క పలక. ఎవరి పలక లేచి ఉంటే నీళ్లు వాళ్ల మీదికి పోతాయి. అందరూ దించేస్తే కాలువ గట్టు తెగి అందరూ మునుగుతారు. కాబట్టి వాన మొదలైతే చాలు, ఎవరికి వాళ్లు చాటుగా వెళ్లి తమ పలక దించి అవతలివాళ్లది లేపి వచ్చేవాళ్లు. తర్వాత బూతులు, ఆ తర్వాత కర్రలు.

ఏటేటా పోటు ఎత్తు పెరుగుతోందని అందరికీ తెలుస్తూనే ఉంది. మా గడపకి రెండుసార్లు మెట్లు కట్టించాడు మా అయ్య. రెండోసారి కట్టిన మెట్టు కూడా మునగడం మొదలయ్యాక మా వీధికి దీదీ వచ్చింది.

ఆమె పేరు రాయను. దీదీ అనే పిలిచేదాన్ని, అదే రాస్తాను. నగరం అవతల ఏదో స్వచ్ఛంద సంఘంలో పనిచేసేది. నూలు చీర, భుజాన గుడ్డ సంచీ, మాట వెన్న. బెంగాలీ బాగా వచ్చిన తెలుగుపిల్ల కావాలని వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చింది. నా భుజం మీద చెయ్యి వేసి “నువ్వు నా చెల్లెలివి” అంది. నాకు అప్పటిదాకా అలా అన్నవాళ్లు లేరు. ఆమె మాటల్ని మా వీధికీ, మా వీధి మాటల్ని ఆమెకీ మోసుకుపోయే పని నాది. ఆ పని నాకు ఎంత గొప్పగా ఉండేదంటే, అద్దం ముందు నిలబడి ఆమెలా మాట్లాడ్డం నేర్చుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ అద్దం పగలగొట్టాలనిపిస్తుంది.

మొదటి మీటింగు మా వీధిలోనే పెట్టింది. భూమి వేడెక్కుతోందనీ, సముద్రం పొంగుతోందనీ, గంగ పోటు పెరగడం అందుకేననీ చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. మా ఎదురింటి మామ్మ, ఎండుచేపలు అమ్ముకునే ముసలామె, అందరికంటే ముందు నోరు విప్పింది.

“భూమికి జొరమొచ్చిందని ఈవిడొచ్చి మనకి సెప్తాదేటి? మనకి జొరమొస్తేనే డాక్టరు రాడు.”

దీదీ నన్నడిగింది ఏమందని. “మంచి ప్రశ్న వేసింది” అన్నాను.

దీదీ చెప్పిన అసలు సంగతి ఇది. ప్రభుత్వాలు పెద్దపెద్ద సభల్లో కూర్చుని తప్పు నీదంటే నీదని నెట్టుకుంటాయి. అవి తేల్చుకునేలోపు మనం మునిగిపోతాం. వాటి కోసం ఆగనక్కర్లేదు. ఫ్లాట్లవాళ్లు, దర్జీలు, డాక్ కూలీలు, ఆమె సంఘం, సముద్రం అవతల మనలాగే గట్టు కింద బతికే ఇంకో రేవు పట్టణం మనుషులు, అందరం కలిసి చేసుకోవచ్చు. ఎవరి చేతిలో ఉన్నది వాళ్లు ఇవ్వాలి, అంతే. చెబుతుంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి. నిజం చెప్పొద్దూ, నేను ఆ మాటల్ని ఇప్పటికీ తప్పనలేను.

తర్వాతి మీటింగు ఫ్లాట్ల కింద హాలులో జరిగింది. ఆ హాలులోకి మా వీధివాళ్లు మెట్లు తుడవడానికి తప్ప ఎప్పుడూ వెళ్లలేదు. ఆ రోజు కుర్చీల్లో కూర్చున్నాం. ఫ్లాట్ల సొసైటీ సెక్రటరీ, రిటైరైన పెద్దమనిషి, తనే లేచి మా అయ్యకి టీ అందించాడు. దర్జీల సందు తరఫున ఒక మాస్టరు వచ్చాడు, మెడలో టేపు తీయకుండానే. మూడు తూముల గొడవ ఎలా తీర్చాలని చాలాసేపు వాదించుకున్నారు. అప్పుడు మా అయ్య లేచాడు.

మా అయ్య సభల్లో మాట్లాడే మనిషి కాదు. కానీ మా వీధిలో ఏ తగవు వచ్చినా అతన్నే పిలిచేవాళ్లు. కుళాయి దగ్గర బిందెల వరస, గోడ మీద గోడ, అన్నదమ్ముల వాటా, ఏదైనా సరే. ఎందుకంటే మా తాత ఊళ్లో చెరువు నీళ్లకి వంతులు చూసినవాడు. ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో అతనే చెప్పేవాడు, అతని మాటకి తిరుగులేదు. ఆ పనికి ఒక కట్టు ఉండేది. నీళ్లు పంచేవాడి సొంత మడి అందరికంటే ఆఖర్న తడవాలి. తన మడి ఎండుతూ ఉండగా పక్కవాడికి నీళ్లు వదిలేవాడి మాటే జనం వింటారు. మా అయ్య ఊరు వదిలి వచ్చేశాడు గానీ ఆ కట్టు వదల్లేదు.

“ఒక పోటు ఒకరిది” అన్నాడు మా అయ్య. లాకు దించిన ప్రతి పోటుకీ ఒక్క తూమే లేవాలి. మిగతా ఇద్దరూ దించుకోవాలి. తర్వాతి పోటుకి తర్వాతివాళ్లది. పొలంలో నీటి వంతులాగే. నేను బెంగాలీలో చెప్పాను. హాల్లో అందరూ ఇంత సులువా అన్నట్టు తలలూపారు. మరి మొదటి వంతు ఎవరిదని సెక్రటరీ అడిగాడు.

అక్కడే మా అయ్య మా తాత కొడుకైపోయాడు. “ఊళ్లో నీలు కావాలనుకునే సరుకు. అందుకని పంచినోడిది ఆఖరి వంతు. ఇక్కడ నీలు వద్దనుకునే సరుకు. అందుకని పంచినోడిదే ముందు వంతు. ముందు మా ఈది తడుస్తాది. రెండోది ఫ్లాట్లోలది. మూడోది దర్జీలది” అన్నాడు.

దీదీ లేచి మా అయ్యకి దండం పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో నావే గట్టివి.

మా వీధికొచ్చి చెప్పేసరికి చప్పట్లు లేవు, తిట్లే. మా నెత్తిన ముందు పోయించుకోవడమేంటని అందరూ మా అయ్య మీద లేచారు. అందరికంటే మామ్మ ఎక్కువ లేచింది. ఆమె చేపల మూటలన్నీ నేల మీదే ఉండేవి, ఊరి నుంచి రైల్లో షాలిమార్ స్టేషన్‌కి వచ్చేవి. తడిస్తే పారేయడమే.

“ఒరే నాయినా, ముందు మునిగినోడికి తోడెవడూ మునగడు. ఆలని నమ్మీసినావేటి? నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అవుతాది నీ పని.”

“అలగ అనకు చిన్నమ్మా. మనం తీస్తే ఆలు తీస్తారు. తీయకపోతే ఇంక మీరు నన్ను దేనికీ పిలవొద్దు. నా మాట మాటే కాదనుకోండి.”

మా వీధి ఆ మాట మీద ఒప్పుకుంది. ఫ్లాట్లవాళ్లని నమ్మి కాదు, దీదీని నమ్మి కాదు. మా అయ్యని నమ్మి. అతనికి ఉన్నదల్లా ఆ మాటే. ఇల్లు డాక్‌వాళ్లది, ఊళ్లో మడి ఎప్పుడో పోయింది.

తొలి వానకి మా పలక లేచింది. మా వీధిలో మోకాటి లోతు నీళ్లు నిలిచాయి. పేట మిగతాదంతా పొడిగా ఉంది. పోటు తీశాక లాకు ఎత్తారు, నీళ్లు పోయాయి. ఫ్లాట్లవాళ్లు పెద్ద గుండిగతో కిచిడీ పంపారు. దర్జీల మాస్టరు తనే వచ్చి పరామర్శించి వెళ్లాడు. కర్రలు లేవలేదు, బూతులు లేవు. మా మామ్మ కూడా కిచిడీ తింటూ “ఉప్పు సాల్లేదు” అని మాత్రమే అంది. మా అయ్య ఆ వారమంతా వీధిలో కొంచెం ఛాతీ విరుచుకునే తిరిగాడు.

రెండో వాన వచ్చింది. ఫ్లాట్ల వంతు. వాళ్ల పలక లేవలేదు. మా అయ్య వెళ్లాడు, నేనూ వెళ్లాను. సెక్రటరీ నవ్వుతూ చెప్పాడు, “ఇది కొత్త వాన కదా దాదా. కొత్త వానకి లెక్క మళ్లీ మొదటి నుంచి. మొదటి వంతు మీది.”

మా అయ్యకి అర్థం కాలేదు. వంతు అంటే ఆగిన చోట నుంచి మొదలవుతుంది. వాన ఆగితే వంతు చెరిగిపోతుందా? చెరువు ఎండి మళ్లీ నిండితే కిందటేడు ఆగిన మడి నుంచే మొదలుపెట్టేవాడట మా తాత. అదంతా నేను బెంగాలీలో చెప్పాను. సెక్రటరీ చాలా శ్రద్ధగా విన్నాడు. విని, “ఊళ్లో అలాగేమో” అన్నాడు.

దీదీకి చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. “ఇప్పుడిప్పుడే అందరూ ఒక దారికొస్తున్నారు. మొదట్లోనే గట్టిగా పట్టుకుంటే ఫ్లాట్లవాళ్లు తప్పుకుంటారు, మొత్తం పోతుంది. మీ నాన్న మనసు పెద్దది. ఈ ఒక్క ఏడాదీ ఓర్చుకోమను.” అదే మాట తీసుకొచ్చి మా అయ్యకి అప్పజెప్పాను. మా అయ్య ఓర్చుకున్నాడు. ఆ ఏడాది వానలన్నీ ఒక్కో పోటుతో ఆగినవే. వచ్చిన ప్రతి వానా కొత్త వానే. ముందు వంతు మాదే.

చలికాలంలో సముద్రం అవతలి పట్టణం నుంచి మనుషులు వచ్చారు. దీదీ వాళ్లని మా కాలువ గట్టుకి తీసుకొచ్చింది. పొడి రోజు, కాలువలో చీలమండ లోతు మురికి తప్ప ఏమీ లేదు. మా అయ్య చేత పలక ఎత్తించి చూపించారు. తల నెరిసిన దొరసాని ఒకామె వంగి పలకని చేత్తో తడిమి చూసింది. వాళ్ల ఊళ్లోనూ గట్లు కాపాడుకోవడానికి ఇలాగే కట్టుబాటు ఉండేదట, వాళ్ల తాతల కాలంలో. ఆ మాట చెప్పినప్పుడు ఆమె గొంతులో నిజం ఉంది, అది నేను మరిచిపోను. తర్వాత ఆమె ఇంగ్లీషులో ఏదో అడిగింది. నా ఇంగ్లీషు అంతంతమాత్రమే, అయినా అర్థమైంది. దీదీ వెంటనే జవాబు చెప్పేసి ఆమెని ముందుకు నడిపించింది.

“ఏటడిగినాదమ్మా?” అన్నాడు మా అయ్య.

“మీ తర్వాత వంతు ఎవరిదని.”

మా అయ్య మొహం విప్పారింది. “మంచి మాట అడిగినాది. సెప్పు, ఫ్లాట్లోలదని సెప్పు.”

అప్పటికే వాళ్లు దండలు వేయించుకుంటున్నారు. దీదీ ఏం జవాబు చెప్పిందో కూడా నాకు అర్థమైంది. వంతులవారీగా అందరూ తీసుకుంటున్నారని చెప్పింది. నేను మా అయ్యకి చెప్పలేదు, తర్వాత దీదీని అడుగుదామనుకున్నాను. అడిగాను కూడా. “చెల్లీ, జరగబోయేది చెప్పడం అబద్ధం కాదు” అంది. నేను ఎంత మూర్ఖురాలినంటే, ఆ మాట నాకు చాలా అందంగా వినిపించింది.

సాయం చేస్తామని చెప్పి వెళ్లిన ఆ పట్టణంవాళ్లు మాట నిలబెట్టుకున్నారు. చెక్క పలకల బదులు ఇనప తలుపులకి సాయం పంపారు. ఎండాకాలం చివర్న మేస్త్రీ వచ్చి మూడు తూములకీ పాత పలకలు పీకేసి పట్టుకుపోయాడు. తలుపులు మాత్రం రెండే వచ్చాయి. ఒకటి ఫ్లాట్ల తూముకి, ఒకటి దర్జీల తూముకి బిగించారు. మాదేదని మా అయ్య అడిగితే దీదీ, బెంగాలీలో బాబాయ్ అన్నట్టు, “కాకు, మీది ఎలాగూ ముందు తెరిచేదే కదా. మీది తర్వాతి విడతలో” అంది. మా అయ్య సరేనన్నాడు. మా తూము నోరు అలా తెరుచుకునే ఉండిపోయింది. మామ్మ రోజూ దాని పక్క నుంచి పోతూ ఒక ఉమ్ము ఉమ్మేది.

ఆ వానాకాలం కూడా ముందు వంతు మాదిగానే దాటిపోయి పూజలు దగ్గరపడ్డాయి. ఫ్లాట్లవాళ్ల మైదానంలో దుర్గాపూజ పందిరి లేవడం మొదలైంది. ఆ ఏడాది పందిరికి ఒక విషయం ఎంచుకున్నారు, నగరమంతా అదే కొత్త మోజు. వాళ్లు ఎంచుకున్నది వేడెక్కుతున్న భూమి. దీదీ సంఘం కూడా చెయ్యి కలిపింది. థర్మాకోల్‌తో మంచుకొండలు, మట్టితో మునిగిన ఊరు. మా వీధి ఆడవాళ్లమే వెళ్లి గడ్డి తాళ్లు పేని ఇచ్చాం. పేటలో అందరూ కలిసి చేసే పూజ అన్నారు.

పందిరి సగానికి వచ్చాక ముసురు పట్టింది. ఆగే వాన కాదది. పొద్దున పోటుకి లాకు దించారు. ముందు వంతు మాది. నీళ్లు మా వీధిలోకి నడుచుకుంటూ వచ్చాయి. మధ్యాహ్నం ఆటుకి లాకు ఎత్తినా, పోయిన నీళ్ల కంటే పైనుంచి పడ్డవే ఎక్కువ. ఇళ్లలో మంచాల కింద ఇటుకలు పెట్టుకుని, మంచాల మీద బియ్యం, పిల్లలు, పొయ్యిలు. మామ్మ చేపల మూటల్ని మా అటక మీదికి ఎక్కించాం, పట్టనివి ఆమె ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. సాయంత్రం పోటుకి లాకు మళ్లీ దిగుతుంది. వాన ఆగలేదు కాబట్టి ఇది కొత్త వాన కాదు. ఎవరి లెక్కలో చూసినా రెండో వంతు. ఇన్నాళ్లకి వచ్చింది. మా తూముకి పలక లేకపోయినా, వాళ్లది తెరిస్తే నీళ్లు చాలావరకు అటే మళ్లుతాయి. మా అయ్య చొక్కా మార్చుకున్నాడు. నేను వెంట వెళ్లాను.

ఫ్లాట్ల తూముకి ఇనప తలుపు, తలుపుకి తాళం. సెక్రటరీ మెట్ల మీద గొడుగు కింద ఉన్నాడు. దీదీ కూడా అక్కడే ఉంది. ఆమెని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంక భయం లేదనుకున్నాను.

“దాదా, తాలం తీయాల. రెండో వంతు” అన్నాడు మా అయ్య తనకొచ్చిన బెంగాలీలో. నేను పూర్తి చేయబోయాను. దీదీ నన్ను ఆపింది.

“కాకు, ఇంకొక్క పోటు ఓర్చుకోండి. మైదానంలో పందిరి ఉంది. లోపలన్నీ పచ్చి మట్టి బొమ్మలు, నీళ్లొస్తే కరిగిపోతాయి. ఎంతమంది కష్టం! మీవాళ్లకి నీళ్లు అలవాటే కదా.”

సెక్రటరీ మా అయ్య చెయ్యి పట్టుకుని పందిరి గుడ్డ పక్కకి తొలగించి లోపలికి చూపించాడు. “చూడండి దాదా, మీ కోసమే. మీకు చెప్పకుండా చేయించాం.”

లోపల నిలువెత్తు మట్టి మనిషి. లుంగీ పైకి కట్టి, రెండు చేతులతో పలక ఎత్తుతున్నాడు. మెడ వెనక మూటలు మోసిన కాయ కూడా పెట్టారు. మా అయ్యే. దేవతకి ఎదురుగా, పొడి నేల మీద, పైన టార్పాలిన్ కప్పుకుని. మా అయ్య ఒంటి మీద నుంచి నీళ్లు కారుతున్నాయి. అతను ఆ బొమ్మని కాసేపు చూశాడు.

“బాగుంది” అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. “మట్టి బొమ్మ తడవకూడదా దీదీ? చేపల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మా మామ్మ తడవొచ్చా? ఈ తలుపు ఎందుకు పెట్టించారు? తెరవడానికా, మూయడానికా?” అని అరిచాను. అన్నీ ఆమె నేర్పిన మంచి బెంగాలీలోనే అరిచాను.

దీదీ మొహం చిన్నబోయింది. “నీ నుంచి ఇది అనుకోలేదు. నువ్వైనా నా వైపు మాట్లాడతావనుకున్నాను” అంది.

ఎన్ని ఊళ్లు తిరిగినా, ఎన్ని ఏళ్లు గడిచినా ఆ మాట నా చెవిలోంచి పోదు. మోసం చేసినందుకు కాదు. మోసపోయినదాన్ని నేనుండగా, నొచ్చుకున్నది ఆమె. ఏరు దాటాక తెప్ప తగలేస్తారని సామెత. ఈమె ఏరు దాటలేదు, ఏట్లో దిగనేలేదు. తెప్ప మీద ఎక్కి పొడికాళ్లతో నిలబడి, తెప్పనే తప్పుపట్టింది.

అక్కడి నుంచి దర్జీల సందుకి వెళ్లాం. తలుపు తాళంచెవి మాస్టరు జేబులోనే ఉంది. తీసి చేతిలో పట్టుకున్నాడు కూడా. మా అయ్య మొహం చూడలేక నేల చూశాడు. “దాదా, మాది మూడోది. మీరు పెట్టిన వరసే. రెండోది కాకుండా మూడోది ఎలా వస్తుంది? మావాళ్లు ఒప్పుకోరు” అన్నాడు. వరస మా అయ్య పెట్టిందే. ఆ పోటు ఫ్లాట్లది. వాళ్లు తీసుకోని పోటు ఇంకెవరిదీ కాదు, తెరిచున్న మా తూముదే.

తిరిగొచ్చేసరికి లాకు దిగిపోయింది. కాలువ మా వీధిలోకి మళ్లీ తిరిగింది. జనమంతా గడపల మీదా మంచాల మీదా నిలబడి మా కోసం చూస్తున్నారు. కుర్రాళ్లు అప్పటికే డాక్‌లో మూటలెత్తే ఇనప కొక్కేలు చేతుల్లోకి తీసుకున్నారు. తలుపు తీయకపోతే పగలగొట్టి వద్దామని. అందరూ మా అయ్య నోటికేసి చూశారు. తాళం వేసుకున్నారు, తీయనన్నారు అని ఒక్క మాట అంటే చాలు. ఆ కొక్కేలు తలుపు దగ్గర ఆగవని అతనికి తెలుసు. తర్వాత వచ్చే పోలీసు జీపు ఫ్లాట్ల ముందు ఆగదనీ, మా వీధిలోనే ఆగుతుందనీ కూడా తెలుసు.

మా అయ్య మా రెండో మెట్టు ఎక్కాడు. మెట్టు మునిగే ఉంది.

“ఇంకా మన వంతు అవలేదర్రా” అన్నాడు. “ఈ పోటు కూడా మనదే. నేనే లెక్క తప్పీసినాను. కొక్కేలు లోపలెట్టండి.”

వీధి మొత్తం నోరు తెరిచింది. లెక్క తప్పడమేంటి, ఇతను?

“అబద్ధం!” అని నేను అరిచాను. “మన వంతు అయిపోయింది. వాళ్లు తాళం తీయలేదు. వాళ్ల మట్టి బొమ్మలు తడుస్తాయని తీయలేదు.”

మామ్మ మంచం మీద నుంచి నాకేసి చెయ్యి విసిరింది. “నోరు ముయ్యే గుంటా! మీ అయ్యకి లెక్క తప్పదని మాకు తెల్దేటి? సెప్పనీ. అలాగే సెప్పనీ.” తర్వాత కుర్రాళ్ల వైపు తిరిగి, “ఇనపడలేదేటర్రా? లెక్క తప్పినాడంట. లోపలెట్టండి” అంది. ఆమె ఒళ్లో మూట అడుగున అప్పటికే తడి పట్టింది.

కొక్కేలు లోపలికి పోయాయి. ఆ రెండో పోటు కూడా మేమే తాగాం. ఆ పందిరికి ఏదో బహుమతి వచ్చిందని తర్వాత విన్నాను. దీదీ మళ్లీ మా వీధికి రాలేదు, నేనూ ఆమెని వెతుక్కుంటూ వెళ్లలేదు.

వేసవిలో కుళాయి దగ్గర బిందెల వరస మీద తగవు వచ్చింది, ఎప్పుడూ వచ్చేదే. ఎప్పటిలాగే మా ఇంటికి వచ్చి మా అయ్యని పిలిచారు. వాళ్లలో ఒక్కరికీ అనుమానం లేదు, అందరికీ నిజం తెలుసు. మామ్మే స్వయంగా వచ్చి మా గడపలో కూర్చుంది.

“రా నాయినా. నువ్వు రాకపోతే తేలదు.”

మా అయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“నేను లెక్క తప్పే మనిషిని చిన్నమ్మా” అన్నాడు. “ఇంకెవుర్నైనా పిలండి.”